చీమకుర్తి రాయి: దానమిచ్చే హక్కు ఎవరిది?

ప్రకాశం జిల్లా చీమకుర్తిలో భూమి నుంచి తీసే నల్లరాయికి వ్యాపారంలో బ్లాక్ గెలాక్సీ అని పేరు. నల్లని రాతిలో బంగారు రంగు చుక్కలు మెరవడం దాని గుర్తు. బజారులో దీన్ని గ్రానైట్ అంటారు గాని భూగర్భశాస్త్రం లెక్కలో ఇది గాబ్రో జాతి శిల. మెరిసే చుక్కలు బంగారం కావు. ఇనుము, మెగ్నీషియం కలిసిన బ్రాంజైట్ అనే ఖనిజం పలుకులు. శిలాద్రవం భూమి లోతున అతి నిదానంగా చల్లారడం వల్ల అవి కంటికి ఆనేంత పెద్దవిగా పెరిగాయి. ఈ రాతి వయసు వంద కోట్ల ఏళ్ళకు పైమాటే. ఒంగోలు నుంచి కర్నూలు రోడ్డు మీద ఇరవై కిలోమీటర్లు వెళ్ళాక చీమకుర్తి, రామతీర్థం చుట్టుపక్కల ఉన్న క్వారీల్లో 1980ల నుంచి దీన్ని తీస్తున్నారు. డైమండ్ వైర్‌తో కోసిన బ్లాకులు క్రేన్లతో పైకి వచ్చి, ట్రైలర్ల మీద కృష్ణపట్నం, చెన్నై రేవులకు చేరి, చైనాకూ ఇటలీకీ వెళ్తాయి. పగుళ్ళున్నది, మచ్చలున్నది, రంగు తక్కువైనది క్వారీ అంచున డంపుగా పేరుకుంటుంది. తవ్విన రాతిలో అమ్ముడుపోయేది కొంతే.

ఈ రాతి మీద వచ్చే డబ్బు ఎవరికి చెందాలి, ఎంత తీయాలి, ఎక్కడ ఆపాలి అనేవి మామూలుగా గనుల శాఖా కోర్టులూ పార్టీలూ తేల్చుకునే సంగతులు. వాటి అడుగున ఒక ధర్మసందేహం ఉంది. మనిషి చేయనిదీ, తీస్తే మళ్ళీ పుట్టనిదీ అయిన వస్తువు పాలకుడి చేతికి వస్తే, దాన్ని అతడు తన ఇష్టం వచ్చినట్టు పంచవచ్చా? పంచితే అది దానం అవుతుందా? వెనిజులా, నైజీరియా, ఈక్వడార్ వంటి చమురు దేశాలను వేధించిన ప్రశ్న ఇదే. చమురు కంటికి కనపడకుండా గొట్టంలో పోతుంది గనుక అక్కడ ప్రశ్నను దాటవేయడం సులువు. చీమకుర్తిలో గుంత కళ్ళెదుటే ఉంది.

క్వారీలకు ఆవల ఈ ప్రాంతమంతా పత్తి, మిరప, పొగాకు పండే మెట్ట. రైతు కష్టం ఏటా పందెమే. 2021లో నల్ల తామరపురుగు పడి మిరప తోటలు ఎండిపోయినప్పుడు ఎకరాకు పెట్టిన పెట్టుబడి కూడా చేతికి రాలేదు. అయినా నేల మిగిలింది, మరుసటి ఏడు మళ్ళీ నారు పోశారు. అథర్వవేదం పన్నెండో కాండలోని భూమిసూక్తం ఈ సేద్యపు లోకానికి చెందినది. నిన్ను తవ్విన చోటు త్వరగా పూడి మొలకెత్తాలి, నీ మర్మస్థానాన్ని నేను గాయపరచకూడదు అని ఆ ఋషి భూమిని వేడుకుంటాడు. నాగలి పట్టినవాడి ప్రార్థన అది. తవ్వడం తప్పని అనలేదు, తవ్విన చోటు పూడుతుందని నమ్మాడు. చీమకుర్తి గుంత విషయంలో ఆ ప్రార్థన మొదటి సగం నెరవేరే అవకాశం లేదు. రాయి మొలకెత్తదు. కాబట్టి భూమిసూక్తాన్ని పర్యావరణ సభల్లో చదివి గనుల సమస్యకు జవాబు దొరికినట్టే భావించడం తొందరపాటు. గనికి వేరే ధర్మం కావాలి.

ఆ తేడాను ఆధునిక కాలంలో స్పష్టంగా పట్టుకున్నవాడు జె. సి. కుమారప్ప. క్విట్ ఇండియా కాలపు జైలులో రాసి 1945లో వెలువరించిన పుస్తకంలో ఆయన ప్రకృతి సంపదను రెండుగా విడదీశాడు. నీరు, అడవి, పంట వంటివి సరిగా వాడుకుంటే ఎప్పటికీ పారే ప్రవాహాలు. బొగ్గు, పెట్రోలియం, లోహాలు తీసేకొద్దీ తరిగే నిల్వలు. నిల్వల మీద కట్టిన ఆర్థిక వ్యవస్థ పోట్లాటలకు దారి తీస్తుందన్నాడు. చమురు యుద్ధాలు నడిచిన శతాబ్దం ఆయన మాటను కాదనలేదు. గాంధీ శిష్యుడు గనుక ఆయన్ని గ్రామ పరిశ్రమల మనిషిగా గుర్తుపెట్టుకుని, గనుల తాత్వికుడిగా మరిచిపోయారు.

భూమి కింది సంపద ఎవరిదన్న ప్రశ్నకు పాత ధర్మశాస్త్రాలు ఒకే జవాబు ఇవ్వలేదు. కౌటిల్యుడికి సందేహం లేదు. గనులు కోశానికి మూలం, కోశం సైన్యానికి మూలం. అందుకని ఆకరాధ్యక్షుడనే అధికారిని పెట్టి గనులన్నిటినీ రాజు అదుపులో ఉంచమన్నాడు. మనుస్మృతి ఎనిమిదో అధ్యాయం కొంచెం వెనక్కు తగ్గి, నేలలో దొరికే పాత నిధుల్లోనూ ఖనిజాల్లోనూ రాజుకు సగం వాటా అంటుంది. దానికి చెప్పిన కారణాల్లో మొదటిది గమనించదగ్గది: రాజు రక్షిస్తాడు గనుక. అంటే వాటా రక్షణకు కూలి. రక్షణ లేని చోట వాటా ఎలా నిలుస్తుందన్న ప్రశ్న ఆ శ్లోకంలోనే ఉంది.

ఇస్లాం న్యాయశాస్త్రంలోనూ భేదం ఉంది. సొంత నేలలో దొరికిన ఖనిజం యజమానిదే, అయిదో వంతు మాత్రం రాజ్యానిది అన్నది హనఫీల పక్షం. పైనేల ఎవరిదైనా గని సమాజం తరఫున పాలకుడి అదుపులో ఉండాలన్నది మాలికీల పక్షం. ఇక 1866లో మిషనరీ జాన్ క్లవ్ ఒంగోలుకు వచ్చాక ఈ జిల్లాలో వేరూనిన బాప్టిస్టు సంఘాలు చదువుకునే లేవీయకాండం ఇరవై అయిదో అధ్యాయం నేలను శాశ్వతంగా అమ్మడాన్నే నిషేధిస్తుంది. నేల దేవుడిది, మనుషులు ఆయన దగ్గర కాపురమున్న పరదేశులు అన్నది అక్కడి భావం. అమ్మకాన్ని ఇంత గట్టిగా అడ్డుకున్న గ్రంథాన్ని నమ్మిన జాతులే ప్రపంచంలో ఎక్కువ గనులు తవ్వాయన్నది వేరే సంగతి.

వీటన్నిటికన్నా లోతుగా వెళ్ళినవారు మీమాంసకులు. వాళ్ళ చర్చ యాగం గురించి మొదలై పాలన గురించి తేలింది. విశ్వజిత్ అనే యాగంలో యజమాని తన సర్వస్వమూ దక్షిణగా ఇవ్వాలి. యజమాని చక్రవర్తి అయితే? భూమి అంతా తనదేనని ఇచ్చేయవచ్చా? జైమిని సూత్రాల ఆరో అధ్యాయంలో దీనికి జవాబు కచ్చితంగా ఉంది: ఇవ్వకూడదు, భూమి అందరికీ సమానం గనుక. ఒక మనిషికి తన పొలం మీద అనుభవ హక్కు ఉండవచ్చు. భూమండలం మొత్తానికి యజమాని అనదగ్గవాడు ఎవడూ లేడని శబరస్వామి వివరించాడు. రాజుకు ఉన్నదల్లా రక్షణకు బదులుగా పంటలో భాగం పుచ్చుకునే అధికారమే. పద్నాలుగో శతాబ్దంలో విజయనగరపు బుక్కరాయల ఆశ్రయంలో ఉన్న మాధవాచార్యుడు తన న్యాయమాలా విస్తరంలో ఈ అధికరణాన్ని మళ్ళీ చెబుతూ, తమ తమ కర్మఫలాన్ని అనుభవించే సమస్త ప్రాణులకూ భూమి ఉమ్మడి ధనం అన్నాడు. రాజు పోషణలో ఉన్న పండితుడు రాజుకు భూమి మీద యాజమాన్యం లేదని రాయగలిగిన రోజులవి.

భారత రాజ్యాంగం, చట్టాలు రాజు సొత్తు, అందరి సొత్తు అనే ఈ రెండు వాదాల మధ్య ఊగుతూ వచ్చాయి. భౌతిక వనరుల పంపిణీ ఉమ్మడి మేలుకు ఉండాలని 39(బి) అధికరణం ఆదేశిస్తుంది. గనుల చట్టం 1957లో వచ్చింది. అందులో గ్రానైట్ చిన్న ఖనిజం. దాని లీజులూ, సీనరేజీ అనే రుసుము రేట్లూ నిర్ణయించేది రాష్ట్రమే. రాజకీయాలకు ఇందులో ఎక్కువ చోటు దొరకడానికి కారణం ఇదే. సముద్ర గర్భంలోని చమురు, గ్యాస్ మాత్రం 297వ అధికరణం ప్రకారం కేంద్రానివి. కృష్ణా గోదావరి బేసిన్ లోతు సముద్రంలో 2009లో గ్యాస్ ఉత్పత్తి మొదలైనప్పుడు మన తీరంలో దొరికింది మనకు ఇవ్వరేమన్న ఆవేదన కోస్తా జిల్లాల్లో వినబడింది. ఆ గ్యాస్ ధర మీద ఇద్దరు అన్నదమ్ముల కంపెనీల మధ్య నడిచిన కేసులో 2010 మే 7న సుప్రీంకోర్టు తీర్పు చెబుతూ, ఆ గ్యాస్ దేశ ప్రజలదనీ, ప్రభుత్వం వారి తరఫున దాన్ని చూసుకోవాలనీ నిలబెట్టింది. అంతకుముందు 1996లో కమల్‌నాథ్ కేసులో నదులు, అడవుల వంటి సంపదకు రాజ్యం ధర్మకర్త మాత్రమేనన్న సూత్రాన్ని మన న్యాయవ్యవస్థలోకి తెచ్చింది కూడా ఈ కోర్టే. 2013లో కేరళ భూముల కేసులో ఇదే కోర్టు, నేల ఎవరిదో దాని కింది ఖనిజమూ సాధారణంగా వారిదేనని చెప్పింది. 2024 జూలై 25న తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఎనిమిదికి ఒకటి మెజారిటీతో, రాయల్టీ పన్ను కాదని, తీసుకున్న ఖనిజానికి చెల్లించే ప్రతిఫలమని తేల్చింది. చివరి మాట సాంకేతికంగా కనబడుతుంది గాని తాత్వికంగా బరువైనది. పన్ను ఆదాయం. ప్రతిఫలం అంటే అమ్మకం సొమ్ము. ఆస్తి అమ్మగా వచ్చినదాన్ని ఏటి ఆదాయంగా రాసుకోవచ్చా?

జనాకర్షక రాజకీయం ఈ ప్రశ్నను ఎదుర్కోదు, పక్కనుంచి పోతుంది. ఆంధ్రదేశంలో దాని చరిత్ర 1983లో ఎన్. టి. రామారావు కిలో రెండు రూపాయల బియ్యంతో కొత్త మలుపు తిరిగింది. 2004లో వై. ఎస్. రాజశేఖరరెడ్డి రైతులకు ఉచిత విద్యుత్ ఫైలు మీద సంతకంతో పాలన మొదలుపెట్టారు. 2019లో నవరత్నాలు, 2024లో సూపర్ సిక్స్ గెలిచిన పార్టీల హామీ పత్రాలకు పేర్లయ్యాయి. ఈ పథకాలను మొత్తంగా ఓట్ల లంచమని ఈసడించడం బడుగుల బతుకు తెలియనివాళ్ళకు అలవాటు. రెండు రూపాయల బియ్యం వచ్చాక మెట్ట పల్లెల్లో కూలి కుటుంబాలకు గింజ దొరికింది, కామందు దగ్గర తల వంచవలసిన అవసరం కొంత తగ్గింది. అది ఏ దేవాలయ అన్నదానానికీ తీసిపోని పని. శాతవాహన రాజుకు రాసినదని సంప్రదాయం చెప్పే రత్నావళిలో ఆచార్య నాగార్జునుడు రోగులనూ అనాథలనూ పోషించమనడంతో ఆగలేదు. చీమల పుట్టల దగ్గర తిండీ నీళ్ళూ పెట్టించమని కూడా రాజుకు చెప్పాడు. పంచిపెట్టడం ఈ నేలకు పరాయి భావం కాదు.

తప్పు ఎక్కడ వస్తుందంటే, పంచేది ఎవరి సొత్తు అన్నచోట. పథకానికి నాయకుడి పేరు, పాస్‌బుక్ మీద నాయకుడి బొమ్మ, ఇచ్చినవాడు ఫలానా అన్న కృతజ్ఞత: ఇవన్నీ దానపు భాషలో ఉన్నాయి. దానానికి మన శాస్త్రాల్లో మొదటి షరతు స్వత్వం. తనది కానిదాన్ని ఇస్తే అది దానం కాదు. పన్నుల నుంచి పంచితే నేటి ప్రజలు తమ సొమ్ము తామే పంచుకున్నట్టు. నాయకుడి పేరు ఎబ్బెట్టుగా ఉంటుంది తప్ప నష్టపోయినవాడు లేడు. అప్పు చేసి పంచితే రేపటివాడి మీద భారం పడుతుంది, కాని బాకీ లెక్క పుస్తకంలో కనబడుతుంది. గని నుంచి తీసి పంచితే రేపటివాడి ఆస్తి పోతుంది, ఏ పుస్తకంలోనూ కనబడదు. బడ్జెట్‌లో సీనరేజీ పన్నేతర ఆదాయం కింద జమ పడుతుంది. తగ్గిన రాయి ఏ పద్దులోనూ ఖర్చు పడదు. నిజానికి గనుల సొమ్ము ఆంధ్రప్రదేశ్ రాబడిలో చిన్న భాగమే. ఈ రాష్ట్రం వెనిజులా కాదు. అయినా సూత్రం చిన్న మొత్తాలకూ వర్తిస్తుంది, అలవాటు చిన్న మొత్తాలతోనే పడుతుంది.

వెనిజులా ఆ అలవాటును చివరికంటా తీసుకుపోయింది. ఒపెక్ స్థాపకుల్లో ఒకడైన ఆ దేశపు మాజీ మంత్రి పెరెజ్ అల్ఫోన్సో 1970లలోనే చమురు తన దేశాన్ని చెడగొడుతుందని హెచ్చరించాడు. 1999లో అధికారానికి వచ్చిన హ్యూగో చావెజ్ చమురు డబ్బుతో ఆసుపత్రులూ బడులూ చౌక దుకాణాలూ పేదవాడల్లోకి తెచ్చాడు. పేదరికం తగ్గిన మాట నిజం. 2014లో చమురు ధర పడిపోయాక డెబ్భై లక్షల మందికి పైగా దేశం విడిచిపోయారు. ఇక్కడ పర్యావరణానికి సంబంధించిన ముడి ఉంది. పంచడానికి చమురు డబ్బు చాలకపోయేసరికి 2016లో తరువాతి ప్రభుత్వం ఒరినోకో నది దక్షిణాన, దేశ విస్తీర్ణంలో సుమారు పన్నెండు శాతం అడవి ప్రాంతాన్ని బంగారం తదితర గనులకు తెరిచింది. ఒక నిల్వ మీద ఆధారపడి ఇచ్చిన మాటను నిలబెట్టుకోవడానికి ఇంకో నిల్వను తవ్వవలసి వచ్చింది. అమెరికాలో అలాస్కా 1976లో చమురు నిధి పెట్టి, 1982 నుంచి దాని రాబడిలో ప్రతి నివాసికీ ఏటా చెక్కు ఇస్తోంది. అసలు కదలకుండా రాబడి పంచడం మేలైన పద్ధతే. కాని 2016లో ఆ చెక్కును గవర్నరు సగానికి తగ్గించాక, దాని మొత్తం ఎంతన్నదే అక్కడి ఎన్నికల ప్రధానాంశమైపోయింది.

ఎదుటి వాదాన్ని దాని బలంతోనే వినాలి. పేద దేశం అడవి కోసం, కొండ కోసం తన బిడ్డలను ఆకలితో ఉంచాలా? ఈక్వడార్ అధ్యక్షుడు రఫాయెల్ కొరియా 2007లో ఐక్యరాజ్యసమితి ముందు ఒక ప్రతిపాదన పెట్టాడు: యసుని అడవి కింది చమురును తీయకుండా వదిలేస్తాం, దాని విలువలో సగం, 360 కోట్ల డాలర్లు, ప్రపంచం మాకు ఇవ్వాలి. మరుసటి ఏడు ఆ దేశం ప్రకృతికి, వాళ్ళు పచమామ అని కొలిచే భూమాతకు హక్కులున్నాయని రాజ్యాంగంలో రాసుకుంది. ప్రపంచం చేతిలో పెట్టింది కోటి ముప్పై లక్షల డాలర్ల చిల్లర. 2013 ఆగస్టులో కొరియా ఆ ప్రతిపాదనను రద్దు చేసి, పేదరికం తీరాలంటే చమురు తీయక తప్పదన్నాడు. 2023 ఆగస్టు 20న జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో దాదాపు 59 శాతం మంది తవ్వకం ఆపమని ఓటేశారు. జనాకర్షక నాయకుడు జనం పేరుతో చేసిన పనిని జనమే కాదన్నారు. నాయకుడు జనం కోరికగా చెప్పేదీ, అడిగితే జనం చెప్పేదీ ఒకటే కానక్కరలేదని ఆ ఓటు చూపింది. పదేళ్ళ ముందు మన పొరుగున ఒడిశాలోని నియమగిరిలో జరిగిందీ ఇదే. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు గ్రామసభలను అడగమంటే, అడిగిన పన్నెండు సభలూ తమ నియమరాజు కొండలో బాక్సైట్ తీయవద్దన్నాయి.

చీమకుర్తి రాతికి నియమరాజు వంటి దేవుడు లేడు. నల్లరాతిని దేవుడిగా చెక్కడం, గడపగా పరచడం, సమాధి మీద పేరు రాయడం తెలుసు గాని, గనిలో ఉన్న రాతికి పూజ లేదు. వరాహమిహిరుడి బృహత్సంహిత ప్రతిమ కోసం చెట్టు నరికేముందు దాన్ని ఆశ్రయించి ఉన్న భూతాలకు బలి పెట్టి, వేరే చోటికి పొమ్మని వేడుకోవాలని చెబుతుంది. నేటి చట్టంలో దీనికి దగ్గరగా ఉన్నది పర్యావరణ అనుమతికి ముందు జరిగే ప్రజాభిప్రాయ సేకరణ. చిన్న ఖనిజాలకు, అయిదు హెక్టార్లలోపు లీజులకు కూడా పర్యావరణ అనుమతి తప్పదని 2012 ఫిబ్రవరిలో దీపక్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పేదాకా చిన్న క్వారీలు ఆ తంతు కూడా లేకుండానే సాగాయి. పెద్ద లీజును ముక్కలుగా కోసి చూపించే ఉపాయం దేశమంతా తెలిసినదే.

గని భారం ఎవరి మీద పడుతుందో చూస్తే ధర్మసందేహం ఇంకాస్త పదునెక్కుతుంది. రాతి దుమ్ములో ఏళ్ళ తరబడి పనిచేసే వాళ్ళకు ఊపిరితిత్తుల జబ్బు, పాలిషింగ్ యూనిట్ల నుంచి వచ్చే స్లర్రీతో చుట్టుపక్కల నేల పాడవడం, టిప్పర్లు తిరిగే రోడ్డు పక్క చేలల్లో ఆకుల మీద తెల్లపొర: ఇవి క్వారీ ఉన్న ఏ ఊళ్ళోనైనా కనబడేవే. క్వారీ కార్మికుల్లో చాలామంది ఒడిశా నుంచో ఉత్తరాది నుంచో వచ్చినవారు. 2025 ఆగస్టు 3న బాపట్ల జిల్లా బల్లికురవ దగ్గర క్వారీలో బండరాళ్ళు విరిగిపడి చనిపోయిన ఆరుగురు ఒడిశా నుంచి వచ్చిన కూలీలే. వాళ్ళకు ఇక్కడ ఓటు లేదు. ఇంకా పుట్టనివాళ్ళకు ఎక్కడా ఓటు లేదు. ఓట్లు లెక్కపెట్టి నడిచే దయ ఈ ఇద్దరినీ చూడలేదు. చూడకపోవడం నాయకుల దుర్మార్గం వల్ల కాదు, ఆ పద్ధతి స్వభావం వల్ల.

పుట్టనివాడికి హక్కేమిటన్న ఆక్షేపణ పాతదే. ఇంగ్లండు తాత్వికుడు డెరెక్ పార్ఫిట్ 1984లో దీన్ని చిక్కుముడిగా బిగించాడు: నేటి విధానాలు మారితే రేపు పుట్టే మనుషులే వేరవుతారు, అప్పుడు ఎవరికి అన్యాయం జరిగినట్టు? ఆ ముడి ఇంకా విశ్వవిద్యాలయాల్లో విప్పుతూనే ఉన్నారు. ఆంధ్రుల ఇళ్ళలో ఈ ప్రశ్న పన్నెండో శతాబ్దం నాటికే ఆచరణలో తేలిపోయింది. యాజ్ఞవల్క్య స్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షర, పిత్రార్జితం మీద కొడుక్కు పుట్టుకతోనే హక్కు వస్తుందంది. బెంగాల్‌లో చెల్లిన జీమూతవాహనుడి దాయభాగం తండ్రి పోయాకే హక్కు అంది. దక్షిణాదికి మితాక్షరే ధర్మమైంది. పదమూడో శతాబ్దంలో మూలఘటిక కేతన దాన్ని విజ్ఞానేశ్వరీయంగా తెలుగు చేశాడు. మితాక్షర చెప్పే కారణం సూటిగా ఉంటుంది. పుట్టినవాళ్ళకూ, కడుపులో ఉన్నవాళ్ళకూ, ఇంకా కడుపున పడనివాళ్ళకూ జీవనాధారం కావాలి గనుక స్థిరాస్తిని దానం చేయకూడదు, అమ్మకూడదు. ఎవరు పుడతారో, ఎందరు పుడతారో తెలియనక్కరలేదు; పుడతారన్నది చాలు. ఈ హక్కు మొదట కొడుకులదే. కూతుళ్ళకూ పుట్టుకతో హక్కునిస్తూ 1986లో రాష్ట్ర చట్టం తెచ్చింది, రెండు రూపాయల బియ్యం ఇచ్చిన ప్రభుత్వమే. రామారావు పథకాల్లో ఏది గొప్పదని అడిగితే బియ్యం పేరే వినబడుతుంది గాని, తరాల న్యాయం కోణంలో వారసత్వ సవరణే పెద్ద పని.

మితాక్షర అంతటితో ఆగలేదు. అమ్మకం ఎప్పుడు చెల్లుతుందో కూడా చెప్పింది: ఆపద వచ్చినప్పుడు, కుటుంబ పోషణకు, తప్పనిసరి ధర్మకార్యానికి. ఉమ్మడి కుటుంబపు కర్త పొలం అమ్మితే, అవసరం ఉందా లేదా అని కొడుకులు కోర్టుకెక్కి అడిగిన దావాలు తెలుగు జిల్లాల కోర్టు రికార్డుల నిండా ఉన్నాయి. చీమకుర్తి మెట్టలో పొలం పంపకాలు తెలిసిన ఏ పెద్దమనిషికీ ఈ తర్కం కొత్త కాదు. ప్రభుత్వాన్ని గనుల విషయంలో కర్తగా చూస్తే చాలా సందేహాలు తేలిపోతాయి. కరువు వచ్చినప్పుడు, మహమ్మారి వచ్చినప్పుడు గని సొమ్ముతో జనాన్ని ఆదుకోవడం తప్పు కాదు, అది ఆపద. కనిగిరి, పొదిలి వైపు ఫ్లోరైడ్ నీళ్ళు తాగి కీళ్ళు పట్టేసిన పల్లెలకు మంచినీళ్ళు తేవడం కుటుంబ పోషణే. ఏటేటా, ఆపద ఉన్నా లేకున్నా, ఎన్నికల హామీ తీర్చడానికి పిత్రార్జితం కరిగించే కర్తను మాత్రం ఏ మితాక్షర పండితుడూ సమర్థించడు. కొరియా వాదానికీ ఇదే గీటురాయి: పేదరికం ఆపదే, కాని ఆస్తి అమ్మినవాడు ఆ ఆపద మళ్ళీ రాకుండా ఏం నిలబెట్టాడో చూపాలి.

అమ్మిన ఆస్తికి బదులు ఆస్తి నిలబెట్టడమన్నది ఆర్థికశాస్త్రంలోనూ ఉంది. తరిగే వనరు మీద వచ్చే మిగులు మొత్తాన్ని తరగని పెట్టుబడిగా మార్చాలని 1977లో జాన్ హార్ట్‌విక్ సూత్రీకరించాడు. నార్వే 1990లో చట్టం చేసి, 1996 నుంచి చమురు డబ్బు ఒక నిధిలో వేస్తోంది. ఏటా అందులో సుమారు మూడు శాతానికి మించి బడ్జెట్‌కు వాడకూడదన్న నియమం 2017 నుంచి ఉంది, అంతకు ముందు అది నాలుగు శాతం. నార్వేకు అంతకుముందే కడుపు నిండింది గనుక దాచుకోగలిగిందన్న విమర్శలో సగం నిజం ఉంది. ఆ దేశం తన అడవులను కాపాడుకుంటూ ప్రపంచానికి చమురు అమ్ముతోందన్న విమర్శలో పూర్తి నిజమే ఉంది.

మన దేశంలో 2015 గనుల చట్ట సవరణ జిల్లా ఖనిజ ప్రతిష్ఠానాలను పెట్టింది. లీజుదారు చెల్లించే సొమ్ములో కొంత వాటిలో చేరి, గని వల్ల నష్టపోయిన ప్రాంతాల నీళ్ళకూ వైద్యానికీ చదువుకూ ఖర్చు కావాలి. పద్ధతి మంచిదే. కాని అది ఖర్చుపెట్టే నిధి, నిలవుండే నిధి కాదు. రాయి ఉన్నన్నాళ్ళే డబ్బు వస్తుంది, రాయి పోయాక గుంత ఒక్కటే మిగులుతుంది. ప్రభుత్వం మారినప్పుడల్లా ఆ డబ్బు ఏ పనులకు, ఎవరి నియోజకవర్గానికి అన్న తగువు దానికి తోడు.

నిలవుండే నిధి ఆలోచన నిజానికి ఆంధ్ర నేలకు కొత్త కాదు. విశాఖ ఏజెన్సీలో బొర్రా చుట్టుపక్కల గనుల లీజుల మీద సమత సంస్థ వేసిన కేసులో 1997 జూలై 11న సుప్రీంకోర్టు తీర్పు చెబుతూ, నికర లాభంలో కనీసం ఇరవై శాతం ఆ గిరిజనుల అభివృద్ధికి శాశ్వత నిధిగా కేటాయించాలంది. 2014 ఏప్రిల్ 21న గోవా ఫౌండేషన్ కేసులో ఇదే కోర్టు తరాల మధ్య న్యాయం పేరు చెప్పి, ఆ రాష్ట్రపు ఇనుప ఖనిజం తవ్వకానికి ఏడాదికి రెండు కోట్ల టన్నుల తాత్కాలిక పరిమితి పెట్టింది. అమ్మకం ధరలో పది శాతం శాశ్వత నిధిలో వేయమంది. ఆ తీర్పు మేరకు గోవాలో నిధి ఏర్పడింది. చీమకుర్తి గ్రానైట్‌కు అలాంటి పరిమితీ లేదు, నిధీ లేదు.